పాత కాంతి కొలమానాలను నేటి యూనిట్లలోకి మార్చడం ఎలా: క్యాండిల్ పవర్, హెఫ్నర్, కార్సెల్ నుంచి ఫుట్‌ల్యాంబర్ట్ దాకా

చెన్నై గిండీలో కాంతి కొలతల ల్యాబులో నా ఉద్యోగం. నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "సార్, ఇన్ని క్యాండిల్ పవర్ అంటే ఎన్ని ల్యూమెన్లు?" ఒకరు మూర్ మార్కెట్‌లో పాత ఇంజినీరింగ్ పుస్తకం కొన్నవారు. ఒకరు వడపళనిలో ప్రొజెక్టర్లు బాగుచేసే నెల్లూరు అబ్బాయి. ఇంకొకరి చేతిలో వాళ్లమ్మగారి కంటి పరీక్ష రిపోర్టు. ముగ్గురూ ఒకే మాట వాడతారు గానీ ముగ్గురి చేతుల్లో ఉన్నవీ వేర్వేరు కొలతలు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి పెట్టేస్తే తప్పు లెక్కే మిగులుతోంది. అందుకే వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. గుణకారం ఇందులో ఆఖరి పని, దానికి అర నిమిషం చాలు. ఆ అంకె దేన్ని కొలిచింది, ఎవరి దీపంతో పోల్చి కొలిచింది అన్నది తేల్చడానికే సమయం పెట్టాలి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

పుస్తకంలోని అంకెను మాత్రమే ఎత్తి రాసుకోవద్దు. ఆ వాక్యం మొత్తం, వీలైతే పైన కింద రెండు వాక్యాలతో సహా, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. ఫోన్‌తో పేజీకి ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. "16 క్యాండిల్ గ్యాస్" అన్నచోట "గ్యాస్" వదిలేసి "16 క్యాండిల్" అని రాసుకుని వచ్చేవాళ్లను చూశాను. ఆ ఒక్క మాటతో అర్థమే మారిపోతుంది. దాని సంగతి మూడో అంచెలో చెబుతాను.

రాసుకోవాల్సినవి:

- అంకె, యూనిట్ పేరు, సంక్షిప్త అక్షరాలు యథాతథంగా
- పుస్తకం లేదా పరికరం ఏ సంవత్సరంది
- ఏ దేశంలో తయారైంది, ఏ భాషలో రాశారు
- ఏ దీపం గురించి: గ్యాస్ మంట, కార్బన్ ఫిలమెంట్ బల్బు, టంగ్‌స్టన్ బల్బు, మాంటిల్ లాంతరు, సెర్చ్‌లైట్
- అంకె పక్కన ఎన్ని దశాంశాలు ఉన్నాయి

సంవత్సరం దొరక్కపోతే 1909, 1948 అనే రెండు గీతలు గుర్తుంచుకోండి. క్యాండిల్ విలువ మారింది ఆ రెండుసార్లే, ఎలాగో మూడు, అయిదు అంచెల్లో చెబుతాను. పుస్తకం ఆ గీతలకు ఇటుదా అటుదా అన్నది తెలిసినా చాలావరకు పని నడుస్తుంది.

## 2. అది ఏ రాశో తేల్చండి

కాంతిని నాలుగు రకాలుగా కొలుస్తారు. పాత యూనిట్ ఏదైనా ఈ నాలుగు గూళ్లలో ఒకదానిలోకే వెళ్తుంది. ఒక గూట్లోది ఇంకో గూట్లోకి ఉత్తి గుణకారంతో మారదు.

దీపం బలం. ఒక దిక్కుగా దీపం ఎంత గట్టిగా వెలుగునిస్తోంది. నేటి యూనిట్ క్యాండెలా. పాతవి: క్యాండిల్, క్యాండిల్ పవర్, హెఫ్నర్, కార్సెల్, వియోల్, బుజీ.

మొత్తం వెలుగు. అన్ని దిక్కులకూ కలిపి దీపం నుంచి వచ్చేది. నేటి యూనిట్ ల్యూమెన్. "మీన్ స్ఫెరికల్ క్యాండిల్ పవర్" (అన్ని దిక్కుల సగటు బలం) పేరులో క్యాండిల్ ఉన్నా నిజానికి ఈ గూటికి బంధువే.

మీద పడే వెలుగు. బల్ల మీద, పుస్తకం మీద, నటుడి ముఖం మీద పడేది. నేటి యూనిట్ లక్స్. పాతవి: ఫుట్‌క్యాండిల్, ఫాట్, మిల్లీఫాట్, నాక్స్, మీటర్ క్యాండిల్.

తలం మెరుపు. సినిమా తెర, టీవీ తెర, మంట ఉపరితలం కంటికి ఎంత ప్రకాశంగా కనిపిస్తోంది. నేటి యూనిట్ చదరపు మీటరుకు క్యాండెలా, దాన్నే నిట్ అంటారు. పాతవి: స్టిల్బ్, ల్యాంబర్ట్, ఫుట్‌ల్యాంబర్ట్, అపోస్టిల్బ్, స్కాట్, చదరపు అడుగుకు క్యాండిల్.

ఫుట్‌క్యాండిల్, ఫుట్‌ల్యాంబర్ట్, చదరపు అడుగుకు క్యాండిల్ ఈ మూడూ చూడ్డానికి ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. మొదటిది మూడో గూడు, మిగతా రెండూ నాలుగో గూడు. ఆ రెంటికీ మధ్య మూడు రెట్లకు పైగా తేడా.

## 3. ఎవరి కొవ్వొత్తి?

దీపం బలం లెక్కల్లో తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

బ్రిటిష్ క్యాండిల్. 1860 నాటి లండన్ గ్యాస్ చట్టం ప్రకారం తిమింగలం తలలోంచి తీసే మైనంతో చేసిన కొవ్వొత్తి. పౌనుకు ఆరు తూగాలి, గంటకు 120 గ్రెయిన్లు, అంటే సుమారు 7.8 గ్రాములు కాలాలి. పరీక్షలో గంటకు 114 నుంచి 126 గ్రెయిన్ల మధ్య కాలితే ఒప్పుకునేవారు, కాలిన లెక్కను బట్టి ఫలితాన్ని సవరించేవారు. అంటే కొవ్వొత్తికి రెండు వైపులా 5 శాతం వెసులుబాటు నియమంలోనే ఉంది. దీన్ని ఒక క్యాండెలా దగ్గరిది అనుకోవడమే న్యాయం. నాలుగు దశాంశాల గుణకం పెట్టి లాభం లేదు.

"16 క్యాండిల్ గ్యాస్" అంటే గంటకు 5 ఘనపుటడుగుల గ్యాస్ నిర్ణీత బర్నర్లో కాలితే ఆ మంట 16 క్యాండిళ్ల బలం ఇస్తుందని అర్థం. అది గ్యాస్ నాణ్యతకు గుర్తు. వీధిలో ఉన్న దీపం బలం కాదు. ఆ దీపం గంటకు ఎంత గ్యాస్ తాగిందో, ఏ బర్నరో తెలియకుండా దాన్ని క్యాండెలాలోకి మార్చకూడదు.

పెంటేన్ దీపం. ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త హార్కోర్ట్ తయారుచేసిన 10 క్యాండిళ్ల దీపం. బ్రిటన్‌లో కొవ్వొత్తి స్థానంలోకి వచ్చింది. పుస్తకంలో "10 క్యాండిల్ పెంటేన్ ప్రమాణం" అని కనిపిస్తే అంతర్జాతీయ క్యాండిల్‌గా తీసుకోవచ్చు.

అంతర్జాతీయ క్యాండిల్. 1909లో బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్ ప్రయోగశాలలు ఒప్పందానికొచ్చి, కార్బన్ ఫిలమెంట్ బల్బుల సాయంతో నిలబెట్టుకున్నది. 1909 నుంచి 1948 దాకా ఇంగ్లీషు పుస్తకాల్లో "క్యాండిల్ పవర్" అంటే మామూలుగా ఇదే. 1 అంతర్జాతీయ క్యాండిల్ = 1.019 క్యాండెలా.

హెఫ్నర్. జర్మనీ, ఆస్ట్రియా, స్కాండినేవియా దేశాలు వాడినది. అరటిపండు వాసనొచ్చే అమైల్ ఎసిటేట్ పోసిన దీపం, 8 మిల్లీమీటర్ల వత్తి, సరిగ్గా 40 మిల్లీమీటర్ల మంట. పుస్తకాల్లో "హెచ్‌కే" అని ఉంటుంది. పెట్రోమాక్స్ లాంతరు పేరులోని "హెచ్‌కే 500" ఇదే.

దీని గుణకం దగ్గర పాఠకులు తికమకపడతారు. కొన్ని పట్టికల్లో 1 హెఫ్నర్ = 0.92 క్యాండెలా, మరికొన్నింటిలో 0.903. అచ్చుతప్పేమీ లేదు. 1909 ఒప్పందంలో హెఫ్నర్ అంటే 0.9 అంతర్జాతీయ క్యాండిల్ అని పెట్టుకున్నారు. 0.9ని 1.019తో హెచ్చిస్తే 0.917, అంటే 0.92. రెండోది జర్మన్ పట్టికల్లో ఎక్కువగా కనిపించేది. రెంటికీ తేడా రెండు శాతం లోపే. ఎర్రటి మంట పక్కన తెల్లటి బల్బు పెట్టి కంటితో పోల్చేటప్పుడు రంగు తేడా వల్లే అంతకన్నా పెద్ద తేడాలు వచ్చేవి. నా పద్ధతి ఇది: అంతర్జాతీయ క్యాండిల్‌తో పోల్చిన పుస్తకమైతే 0.92, ఉత్త జర్మన్ మూలమైతే 0.903. ఏది వాడానో పక్కనే రాస్తాను.

కార్సెల్. ఫ్రెంచి వాళ్లది. గంటకు 42 గ్రాముల కోల్జా నూనె కాల్చే దీపం, గడియారం లాంటి యంత్రం నూనెను వత్తికి అందిస్తుంది. కోల్జా అంటే మన ఆవాల కుటుంబపు గింజల నూనే. 1 కార్సెల్ = సుమారు 9.74 క్యాండెలాలు.

వియోల్. 1881లో ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ వియోల్ ప్రతిపాదించినది. కరిగిన ప్లాటినం గడ్డకట్టే వేళ ఒక చదరపు సెంటీమీటరు నుంచి వచ్చే కాంతి. 1 వియోల్ = 20.17 క్యాండెలాలు. ఆ తర్వాత దానిలో ఇరవయ్యో వంతును "బుజీ డెసిమాల్" అన్నారు, అంటే 1.01 క్యాండెలా లోపే.

1948లో క్యాండెలాకు ఇచ్చిన నిర్వచనంలోనూ గడ్డకట్టే ప్లాటినమే, కానీ అక్కడ చదరపు సెంటీమీటరుకు 60 క్యాండెలాలు. ఈ రెంటినీ చూసి "ఒకటి తప్పు" అని నాకు ఒకాయన పెద్ద ఉత్తరం రాశారు. రెండూ సరైనవే. వియోల్ కొలిచింది ప్లాటినం పైతలాన్ని. 1948లో కొలిచింది ఆ ప్లాటినంలో ముంచి ఉంచిన గొట్టం లోపలి గుల్లను, అంటే కృష్ణవస్తువును (తన మీద పడ్డ కాంతినంతా పీల్చుకునే వస్తువును). మెరిసే లోహపు తలం కృష్ణవస్తువు ఇచ్చేదానిలో సుమారు మూడోవంతే ఇస్తుంది.

ఒట్టి "బుజీ" లేదా ఒట్టి "కెర్ట్స". ఫ్రెంచి, జర్మన్ భాషల్లో కొవ్వొత్తికి ఉన్న మాటలే ఇవి. ఫ్రెంచి పుస్తకంలో "బుజీ" అంటే మైనపు కొవ్వొత్తి కావచ్చు, బుజీ డెసిమాల్ కావచ్చు, 1948 తర్వాతదైతే క్యాండెలాయే కావచ్చు. సంవత్సరం చూడకుండా మార్చవద్దు.

## 4. క్యాండెలా మీదుగా వెళ్లండి

పాత యూనిట్ నుంచి పాత యూనిట్‌కు మార్చాలన్నా ముందు క్యాండెలాలోకి తెచ్చి, అక్కడి నుంచి రెండో దానిలోకి వెళ్లడం క్షేమం. సెంట్రల్ స్టేషన్లో దిగి రైలు మారినట్టు అనుకోండి. గుణకాలు ఇవి:

- అంతర్జాతీయ క్యాండిల్ × 1.019
- హెఫ్నర్ × 0.92 (లేదా 0.903)
- కార్సెల్ × 9.74
- వియోల్ × 20.17
- బుజీ డెసిమాల్ × 1.0085
- బ్రిటిష్ కొవ్వొత్తి × 1 (సుమారు)

క్యాండెలా నుంచి వెనక్కు వెళ్లాలంటే అదే అంకెతో భాగించండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆనాటి వాళ్లే రెండు దీపాలను పక్కపక్కన పెట్టి నేరుగా పోల్చి ఉంటే ఆ పోలికకే విలువ ఎక్కువ. కార్సెల్‌ను హెఫ్నర్‌తో నేరుగా పోల్చినప్పుడు 1 కార్సెల్ = 10.75 హెఫ్నర్ అని వచ్చింది. మన దారిలో 9.74 ÷ 0.92 = 10.59. తేడా ఒకటిన్నర శాతం. అదే 0.903తో భాగిస్తే 10.79, ఇది నేరు పోలికకు బాగా దగ్గర. ఏ పట్టిక దేనితో పొసగుతుందో తెలుసుకోవడానికి ఇలా ఎదురు సరిచూడడం మంచి అలవాటు.

## 5. 0.981 ఎటు వైపు?

ఈ ఒక్క అంకె గురించి విడిగా చెప్పాలి. చాలా పట్టికల్లో "1 క్యాండిల్ పవర్ = 0.981 క్యాండెలా" అని ఉంటుంది. ఇక్కడ 1.019 అంటున్నాను. ఏది సరి?

గడ్డకట్టే ప్లాటినం దగ్గరి కృష్ణవస్తువును పాత అంతర్జాతీయ క్యాండిల్‌తో కొలిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 58.9 వచ్చేది. 1948లో అదే కాంతికి 60 అని గుండ్రని అంకె పెట్టారు. కాంతి మారలేదు, అంకె పెరిగింది. అంటే కొత్త యూనిట్ కాస్త చిన్నది. కాబట్టి 1 క్యాండెలా = 0.981 అంతర్జాతీయ క్యాండిల్, 1 అంతర్జాతీయ క్యాండిల్ = 1.019 క్యాండెలా.

నా ఉద్యోగం తొలిరోజుల్లో నేనూ ఈ అంకెను తిరగేసి వాడాను. ఒక పాత బల్బుల జాబితా మార్చి ఇచ్చాక, ఆ కాగితం తీసుకున్నవారే నాలుగో రోజున వచ్చి, పాత అంకెల కన్నా కొత్తవి పెరగాల్సింది పోయి తగ్గాయేమిటని అడిగారు. దాదాపు నాలుగు శాతం తప్పు. రెండు వందల గళ్ల పట్టిక మళ్లీ మొదటి నుంచి చేశాను. అప్పటి నుంచి ప్రతి మార్పుకూ ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: కొత్త యూనిట్ చిన్నదా, పెద్దదా? చిన్నదైతే అంకె పెరగాలి. పెరగకపోతే ఎక్కడో తిరగబడింది.

ఇంకొకటి. 1948 తర్వాత పుస్తకాల్లో, ఇప్పటి టార్చిలైట్ల పెట్టెల మీద "క్యాండిల్ పవర్" అంటే ఉత్త క్యాండెలాయే. వాటిని ఏ గుణకంతోనూ హెచ్చించవద్దు.

## 6. క్యాండిల్ పవర్ నుంచి ల్యూమెన్లకు

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబు ఏ క్యాండిల్ పవర్ అన్నదాని మీద ఉంటుంది.

మీన్ స్ఫెరికల్ అయితే సులువు. అన్ని దిక్కుల సగటు కాబట్టి 4 × 3.1416, అంటే 12.57తో హెచ్చించండి. అమెరికన్ కార్ల బ్రేకు బల్బు మీద 32 క్యాండిల్ పవర్ అని ఉంటే 32 × 12.57 = 402 ల్యూమెన్లు.

మీన్ హారిజాంటల్ అయితే బల్బును నిలువుగా పెట్టి చుట్టూ అడ్డంగా కొలిచిన సగటు. పాత కార్బన్, టంగ్‌స్టన్ బల్బుల జాబితాల్లో "16 సీపీ", "32 సీపీ" అంటే తరచు ఇదే. నిలువు ఫిలమెంట్ బల్బు పైకీ కిందికీ తక్కువ వెలుగిస్తుంది కాబట్టి ముందు సుమారు 0.8తో హెచ్చించి, తర్వాత 12.57తో హెచ్చించాలి. 16 క్యాండిల్ పవర్ బల్బు: 16 × 1.019 × 0.8 × 12.57 = సుమారు 160 ల్యూమెన్లు. 0.8 వదిలేస్తే 205 వచ్చి, ఆ బల్బు ఉన్నదానికన్నా మెరుగైనదిగా కనిపిస్తుంది.

బీమ్ క్యాండిల్ పవర్ అయితే కిరణం ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందో తెలియాలి. రిచీ స్ట్రీట్‌లో పది లక్షల క్యాండిల్ పవర్ టార్చి అమ్ముతారు. కిరణం మొత్తం కోణం 5 డిగ్రీలైతే అది సుమారు 6,000 ల్యూమెన్లు. 2 డిగ్రీలే అయితే 957 ల్యూమెన్లు. పెట్టె మీది అంకె రెంటికీ ఒకటే! లెక్క ఇలా: సగం కోణపు కొసైన్‌ను 1 నుంచి తీసేసి, 6.283తో హెచ్చిస్తే ఘనకోణం వస్తుంది. దాన్ని క్యాండెలాతో హెచ్చించండి. పాత లైట్‌హౌస్‌ల జాబితాల్లో వేల, లక్షల క్యాండిళ్లు కనిపించినా ఇదే నియమం. కోణం లేకపోతే క్యాండెలా దగ్గరే ఆగిపోండి.

## 7. మీద పడే వెలుగు

ఇది చిన్న అంచె.

- 1 ఫుట్‌క్యాండిల్ = 10.764 లక్స్
- 1 ఫాట్ = 10,000 లక్స్
- 1 మిల్లీఫాట్ = 10 లక్స్
- 1 నాక్స్ = 0.001 లక్స్
- 1 మీటర్ క్యాండిల్ = 1 లక్స్ (కొవ్వొత్తి ఎవరిదో చూసుకుని)

కోడంబాక్కం కెమెరా సహాయకుల నోటి నుంచి ఇంకా "వంద ఫుట్‌క్యాండిళ్లు" వింటాం. అంటే 1,076 లక్స్.

దీపం బలం, దూరం తెలిస్తే బలాన్ని దూరపు వర్గంతో భాగించండి. 32 క్యాండెలాల దీపం 4 అడుగుల దూరంలో 32 ÷ 16 = 2 ఫుట్‌క్యాండిళ్లు, అంటే 21.5 లక్స్. అడుగుల్లో భాగిస్తే ఫుట్‌క్యాండిల్, మీటర్లలో భాగిస్తే లక్స్. దీపం దగ్గరగా, పెద్దగా ఉంటే ఈ సూత్రం పనిచేయదు. దీపం వెడల్పుకు కనీసం అయిదు రెట్ల దూరం ఉండాలి.

జాగ్రత్త పడాల్సింది యుద్ధానికి ముందటి జర్మన్ పుస్తకాల దగ్గర. వాటిలోని "లక్స్" హెఫ్నర్ మీద కట్టిన లక్స్. పేరు నేటిదే, విలువ మాత్రం 0.903 (లేదా 0.92). ల్యూమెన్‌ది కూడా ఇదే కథ. 1948కి ముందటి ఇంగ్లీషు పుస్తకాల ఫుట్‌క్యాండిల్‌కూ 1.019 వర్తిస్తుంది. పేరు మారలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

## 8. తలం మెరుపు, పై ఎక్కడ వస్తుంది

ఇక్కడి యూనిట్లు రెండు తెగలు. ఒక తెగలో 3.1416, అంటే పై, లోపల దాగి ఉంటుంది. ఇంకో తెగలో ఉండదు.

పై లేనివి:

- 1 స్టిల్బ్ = చదరపు మీటరుకు 10,000 క్యాండెలాలు
- 1 నిట్ = చదరపు మీటరుకు 1 క్యాండెలా
- చదరపు అడుగుకు 1 క్యాండిల్ = 10.764 నిట్లు

పై ఉన్నవి:

- 1 ల్యాంబర్ట్ = 3,183 నిట్లు
- 1 మిల్లీల్యాంబర్ట్ = 3.183 నిట్లు
- 1 ఫుట్‌ల్యాంబర్ట్ = 3.426 నిట్లు
- 1 అపోస్టిల్బ్ = 0.3183 నిట్లు
- 1 స్కాట్ = 0.0003183 నిట్లు

రెండో తెగ ఎందుకు పుట్టిందంటే, పూర్తిగా తెల్లగా, నిగనిగ లేకుండా ఉండే తెర మీద 1 ఫుట్‌క్యాండిల్ పడితే అది సరిగ్గా 1 ఫుట్‌ల్యాంబర్ట్‌తో కనిపించాలని కోరుకున్నారు. అదే తెర మీద 1 లక్స్ పడితే 1 అపోస్టిల్బ్. ఆ సౌకర్యం కోసం పైతో భాగించి పెట్టుకున్నారు. ఇది అర్థమైతే గుణకాలు బట్టీ పట్టక్కర్లేదు.

వడపళని అబ్బాయి ప్రశ్న ఇక్కడిదే. ఫిల్ము ప్రొజెక్టరుకు తెర మధ్యలో 16 ఫుట్‌ల్యాంబర్ట్‌లు ఉండాలని లెక్క, అంటే 54.8 నిట్లు. డిజిటల్‌కు 14, అంటే 48 నిట్లు. అతను చేతిలోని వెస్టన్ పాత మీటరు ముల్లు చూపిన అంకెను ఫుట్‌ల్యాంబర్ట్ అనుకున్నాడు. ఆ మీటరు స్కేలు చదరపు అడుగుకు క్యాండిళ్లది. ముల్లు 5 చూపితే తెర 5 × 3.1416 = 15.7 ఫుట్‌ల్యాంబర్ట్‌లతో బాగానే ఉన్నట్టు. అతనేమో దీపం నీరసించిందని కొత్తది వేయించబోయాడు. దీపం ఖరీదు తెలిసినవాణ్ణి కాబట్టి, ఆ ఫోన్ సమయానికి వచ్చినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

కంటి రిపోర్టు సంగతి. చూపు పరిధి పరీక్ష కాగితం మీద "బ్యాక్‌గ్రౌండ్ 31.5 ఏఎస్‌బీ" అని అచ్చవుతుంది. ఏఎస్‌బీ అంటే అపోస్టిల్బ్. 31.5 × 0.3183 = 10 నిట్లు. పాత యూనిట్లలో ఇది ఒక్కటే మన ఇళ్లలోకి ఇంకా కాగితం మీద వస్తోంది. అక్కడే ఉండే డెసిబెల్ అంకెలను ఇలా మార్చే ముందు యంత్రం ఎవరిదో చూడాలి. హంఫ్రీ యంత్రంలో 0 డెసిబెల్ అంటే 10,000 అపోస్టిల్బ్‌లు, ప్రతి 10 డెసిబెళ్లకూ పదో వంతు అవుతుంది. 30 డెసిబెళ్లు అంటే 10 అపోస్టిల్బ్‌లు. వేరే తయారీదారు యంత్రంలో సున్నా వేరేచోట ఉంటుంది. ఇది యూనిట్ అర్థం కావడానికే. రిపోర్టు ఏం చెబుతోందో డాక్టరు గారినే అడగండి.

## 9. ఎన్ని అంకెలు ఉంచాలి

కాలిక్యులేటర్ ఎనిమిది అంకెలు చూపిస్తుంది. దీపం వాటిని మోయలేదు.

హెఫ్నర్ మంట ఎత్తు ఒక్క మిల్లీమీటరు మారితే బలం రెండున్నర నుంచి మూడు శాతం మారుతుంది. పైగా గాలిలో తేమ. ప్రమాణంగా పెట్టుకున్నది ఘనపు మీటరు పొడి గాలికి 8.8 లీటర్ల నీటి ఆవిరి. సవరణ సూత్రం: బలం = 1.049 − 0.0055 × లీటర్లు. ఇప్పుడు మన చెన్నై గాలిని ఇందులో పెట్టి చూడండి. 30 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న సాయంత్రం ఘనపు మీటరు పొడి గాలికి సుమారు 32 లీటర్ల ఆవిరి. సూత్రాన్ని అంత దూరం లాగితే 0.87. అంటే మెరీనా ఒడ్డున వెలిగించిన హెఫ్నర్ దీపం, చల్లటి పొడి గదిలోని దానికన్నా 13 శాతం మసకగా వెలుగుతుంది. బెంగళూరులో తేమ తక్కువే గానీ ఎత్తు వల్ల గాలి పీడనం 760కి బదులు 683 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. దానివల్ల ఇంకో ముప్పావు శాతం దాకా తగ్గుతుంది. పాత ప్రయోగపు నోటుబుక్కులో తేమ, పీడనం రాసి ఉంటే వాటిని దాటిపోవద్దు. సవరించిన తర్వాతి అంకెనే నోటుబుక్కులో రాశారా అన్నదీ చూడండి. రెండుసార్లు సవరిస్తే అదో కొత్త తప్పు.

నేను పాటించే లెక్క:

- కొవ్వొత్తి, గ్యాస్ మంట: రెండు అంకెలు
- హెఫ్నర్, కార్సెల్, వియోల్: రెండు, మహా అయితే మూడు
- 1909 తర్వాత ప్రయోగశాల బల్బులు: మూడు
- ఫుట్‌క్యాండిల్, ల్యాంబర్ట్ లాంటి పొడవు, వైశాల్యం మార్పులు: మూలంలో ఎన్ని ఉంటే అన్నే

మధ్యలో గుండ్రం చేయకండి. చివర్లో ఒక్కసారి చేయండి.

## 10. పంపే ముందు ఒకసారి

- రాశి ఏ గూటిదో రాసుకున్నానా?
- సంవత్సరం 1909కి ముందా, 1948కి ముందా, తర్వాతా?
- కొత్త యూనిట్ చిన్నదైతే అంకె పెరిగిందా?
- క్యాండిల్ పవర్ స్ఫెరికలా, హారిజాంటలా, బీమా?
- పాత జర్మన్ లక్స్, ల్యూమెన్ కాదు కదా?
- మెరుపు యూనిట్‌లో పై ఉన్న తెగా, లేని తెగా?
- వెనక్కు మార్చి చూస్తే మొదటి అంకె వచ్చిందా?

## 11. ఫలితాన్ని ఎలా రాయాలి

మూలం అంకెను చెరిపేయవద్దు. దాని పక్కనే మార్చిన అంకె, వాడిన గుణకం, ఊహించుకున్నది ఏదైనా ఉంటే అది. తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే మళ్లీ మూలానికి వెళ్లే దారి ఉండాలి.

మా ల్యాబు పుస్తకంలో లాంతరు గురించి నేను రాసుకున్నది ఇలా ఉంటుంది:

"మాంటిల్ లాంతరు, మూలంలో 500 హెచ్‌కే. హెఫ్నర్‌గా తీసుకున్నాను, గుణకం 0.903, జర్మన్ తయారీ కాబట్టి. 451.5, అంటే సుమారు 450 క్యాండెలాలు. 0.92 వాడితే 460. అంకె తయారీదారు చెప్పినది, నేను కొలిచినది కాదు. ఏ దిక్కున కొలిచారో మూలంలో లేదు, అందుకని ల్యూమెన్లలోకి మార్చలేదు."